కాలకేయుడికీ అమ్మ ఉంది

మా మనవడు రెండో తరగతి. మొన్న బడి నుంచి వచ్చి, బ్యాగు పడేసి, అద్దం ముందు నిలబడ్డాడు. "తాతయ్యా, నేను కాలకేయుణ్ణా?" అన్నాడు. వాడిది నా రంగు. చామనఛాయ అని సర్దిచెప్పుకోవడానికి లేదు, నలుపే. క్లాసులో పిల్లలు ఆ పేరు పెట్టారట. వీడు పుట్టకముందు వచ్చిన సినిమాలోది అది. పేరు మాత్రం బడి ఆవరణలో ఇంకా తిరుగుతూనే ఉంది.

2015లో 'బాహుబలి'ని నేనూ ఈల వేసే చూశాను, ఇప్పుడు కాదనను. లేని మాహిష్మతిని కట్టి, దాని మీదికి కాలకేయులనే జాతిని తోలుకొచ్చారు. వాళ్ల కోసం మదన్ కార్కీ 'కిలికి' అనే భాషే అల్లారు. కాలకేయ నాయకుడి వేషంలో ప్రభాకర్ ఆ మాటలు పలుకుతుంటే ఒళ్లు జలదరించింది. ఊహాజాతికి వ్యాకరణంతో సహా భాష కట్టడం చిన్న పని కాదు. నా పేచీ అల్లా, అంత భాష ఇచ్చి వాళ్లచేత పలికించిందేమిటని. బెదిరింపులు, యుద్ధకేకలు. అంత సైన్యంలో ఆకలేస్తోందన్నవాడు ఒక్కడూ నాకు గుర్తులేడు. ఇంటి దగ్గర ఎవరున్నారో తెలియదు. అందరి ఒంటికీ ఒకటే మసి.

మా నాన్న వీధినాటకాల్లో రాక్షస వేషాలు కట్టేవాడు. ముఖానికి అర్దళం, కళ్లకు చెంపల దాకా కాటుక, పొణికి కర్ర భుజకీర్తులు. హిరణ్యకశిపుడిగా తెర తీసుకుని దూకితే ముందు చాపల మీది పిల్లలం తల్లుల కొంగుల్లో దూరేవాళ్లం. కానీ రాత్రి రెండు దాటాక, ప్రహ్లాదుణ్ని ఏనుగుల చేత తొక్కించమన్నాక, నాన్న గద పక్కన పెట్టి లీలావతి వేషం కట్టిన మావయ్య వంక చూసి, కాసేపు ఏమీ అనేవాడు కాదు. హార్మోనియం ఒక్కటే సాగేది. ఆడవాళ్లు ముక్కు చీదేవారు. రాక్షసుడి కోసం! తెల్లారి కొబ్బరినూనెతో రంగు తుడిచే పని నాది. నేను గుడ్డ పెట్టేసరికే కళ్ల కింద రెండు చారలు చెరిగి ఉండేవి.

ఇంతకీ కాలకేయులు సినిమావాళ్లు పుట్టించిన పేరు కాదు. భారతంలో అరణ్యపర్వం చూడండి. నివాతకవచులనే రాక్షసులను చంపి తిరిగొస్తున్న అర్జునుడికి ఆకాశంలో హిరణ్యపురం కనిపిస్తుంది. పులోమ, కాలక అనే ఇద్దరు తల్లులు తపస్సు చేసి, బ్రహ్మనడిగి, బిడ్డల కోసం సంపాదించుకున్న పట్నం. కాలక బిడ్డలు కాలకేయులు, కుంతి బిడ్డలు కౌంతేయులైనట్టే. ఆ పట్నాన్ని అర్జునుడు కూల్చాడు. జుట్లు విరబోసుకుని ఏడుస్తూ బయటికొచ్చిన ఆడవాళ్ల సంగతి కూడా ధర్మరాజుకు చెప్పాడు. చంపినవాడి నోటే చెప్పించాడు వ్యాసుడు. మన సినిమావాళ్లు ఆ పేరును తీసుకున్నారు, ఆ పేరులో ఉన్న తల్లిని మాత్రం అక్కడే వదిలేసి వచ్చారు.

ఇంగ్లండ్‌లో ఇలాగే లేని లోకాన్ని కట్టిన రచయిత టోల్కీన్ ఉన్నాడు. రంగు విషయంలో ఆయనా శుద్ధపూస కాదు. ఆయన కథలో రాక్షసజాతి ఓర్కులు చెడ్డవాళ్లే, నల్లనివాళ్లే. అయినా 1954లో వచ్చిన 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' రెండో భాగం చివర ఇద్దరు ఓర్కు నాయకులు కబుర్లలో పడతారు. యుద్ధం అయిపోతే నమ్మకమైన కుర్రాళ్లను నలుగురిని వెంటేసుకుని, పైదొరలు లేని చోటికి పోదామంటాడు ఒకడు. పై అధికారితో విసిగిపోయిన మా ఆఫీసు గుమాస్తాలు టీ కొట్టు దగ్గర సరిగ్గా ఇదే మాట్లాడుకునేవారు. ఆ రెండు పేజీలు చదివాక ఓర్కులు గుంపుగా కనిపించడం మానేశారు నాకు.

ఇప్పుడు కొత్త లోకాలు, కొత్త జాతులు కడుతున్న దర్శకులను నేను అడిగేది అదొక్కటే. రాక్షసుల్ని మంచివాళ్లను చేయమనను, ఓడించొద్దనీ అనను. పదివేలమందిని గ్రాఫిక్స్‌లో పరిగెత్తించేటప్పుడు ఒక్కడికి ఒక్క నిమిషం ఇంటి మాట ఇవ్వండి. మసి పూసే ముందు మా బడి పిల్లల్ని ఒకసారి తలుచుకోండి.

ఆ రాత్రి మనవడికి కాలక కథ చెప్పాను. పట్నం కూలిన దగ్గర గొంతు పట్టేసి ఆగిపోయాను. వాడు ఆలోచిస్తూ పడుకున్నాడు. కాసేపటికి, "తాతయ్యా, వాళ్లమ్మ వాళ్లకి టిఫిన్ ఏం పెట్టేది?" అన్నాడు.

"తెలీదురా, భారతంలో రాయలేదు."

"అట్లు," అన్నాడు వాడు, గోడ వైపు తిరిగి.