యూదా అని పేరు పెట్టవచ్చునా?



ఈ నెల ఒక యౌవన దంపతుల ప్రశ్నను మీ ముందు పెడుతున్నాను. వారి పేర్లు, ఊరు చెప్పను. చెప్పకపోయినా ఇటువంటి ప్రశ్న ఎప్పుడో ఒకప్పుడు ప్రతి సంఘములోను వచ్చేదే. పెండ్లయిన ఏడేళ్లకు వారికి మగబిడ్డ పుట్టాడు. ఆ ఏడేళ్లు ఆ అమ్మాయి పడిన మాటలు ఆమెకే తెలుసు. కడుపు పండినప్పుడే ఆమె ఆదికాండము 29వ అధ్యాయము చదువుకొని, లేయా చేసినట్లు తానును చేయాలని అనుకొన్నదట. లేయా మొదటి ముగ్గురు కొడుకులకు పెట్టిన పేర్లు చూడండి. అన్నిటిలోను భర్త ప్రేమ కోసము పడిన ఆరాటమే వినబడుతుంది. నాలుగవ కాన్పులో మాత్రము ఆమె భర్త మాట ఎత్తలేదు. దేవుని స్తుతించి ఊరుకొన్నది. ఆ బిడ్డ పేరే యూదా.

మా బాబుకు యూదా అని పెడతామని వీరు అనగానే ఇంట్లో నిప్పు రాజుకొన్నది. బాబు నాయనమ్మ సంఘములో నలభై ఏళ్లుగా ఉపవాస ప్రార్థన మానని తల్లి. "ప్రభువును ముప్పై వెండి నాణెములకు అమ్మినవాని పేరు నా నోట పిలవలేను. ఆ పేరు పెడితే ఆ రోజు నేను గుడికి రాను" అని తేల్చి చెప్పింది. కోడలు ఏడుపు, కొడుకు మౌనము. "అయ్యగారూ, బైబిలులో ఉన్న పేరే కదా, తప్పేమిటి?" అని అతడు నన్ను అడిగితే, "బైబిలులో సాతాను పేరు కూడ ఉన్నదిలే" అని లోపలి గదిలో నుండి ఆ తల్లి జవాబిచ్చింది. పెద్దవారి మాటను తేలికగా తీసివేయలేము!

మొదట మన తెలుగు బైబిలులో ఉన్న చిక్కు చెప్పాలి. ఇంగ్లీషు బైబిలు చదివేవారికి ఇవి మూడు పేర్లు. యాకోబు కొడుకు జూడా, ప్రభువును అప్పగించినవాడు జూడస్, చివరి పత్రికలలో ఒకటి వ్రాసినవాడు జూడ్. కొత్త నిబంధన గ్రీకులో ఈ ముగ్గురి పేరూ ఒక్కటే. మన పెద్దలు తెలుగులోకి తర్జుమా చేసినప్పుడు ఆ భేదము కల్పించలేదు, అందరినీ యూదా అనే వ్రాశారు. అందుచేత ఇంగ్లీషు మాట్లాడే తల్లి తన కొడుకును జూడా అనో జూడ్ అనో నిశ్చింతగా పిలుచుకొంటుంది. జూడస్ అని మాత్రము పెట్టదు. మనకు ఆ చాటు లేదు. ఈ మధ్య కొందరు బిడ్డకు జూడ్ అని పెట్టి సమస్య తీరిపోయినదనుకొంటున్నారు. తీరలేదు, ఇంగ్లీషులో దాచిపెట్టారు, అంతే.

ఇంతకూ కొత్త నిబంధనలో ఎందరు యూదాలున్నారో ఎప్పుడైనా లెక్కపెట్టారా? పన్నెండుమంది శిష్యులలోనే ఇద్దరు. లూకా 6:16లో ఆ ఇద్దరి పేర్లూ పక్కపక్కనే ఉంటాయి. మత్తయి, మార్కు వ్రాసిన వరుసలో తద్దయి అనబడినవాడే ఈ మొదటి యూదా అని చాలామంది పండితుల అభిప్రాయము. కడరాత్రి ప్రభువు మాట్లాడుచుండగా ఇతడు ఒక ప్రశ్న అడిగాడు. దానిని వ్రాస్తూ యోహాను, ఇతడు ఇస్కరియోతు కాడు సుమా అని అక్కడికక్కడే చెప్పవలసి వచ్చింది (యోహాను 14:22). పాపము, నమ్మకముగా నిలిచిన శిష్యుడు, పేరు పలికిన ప్రతిసారీ వాడు వీడు కాడని ఎవరో ఒకరు చెప్పాలి. నాయనమ్మ భయపడినది సరిగ్గా దీనికే.

అయితే అంతటితో ఆగకూడదు. మన ప్రభువు సొంత తమ్ములలో ఒకని పేరు యూదా (మార్కు 6:3). చూపు పోయిన సౌలు దమస్కులో దిగిన ఇల్లు యూదా అనువానిది (అపొ. కార్య. 9:11). అన్నిటికంటె నాకు ఆశ్చర్యముగా తోచేది అపొస్తలుల కార్యములు 15వ అధ్యాయము. అన్యజనులు సున్నతి పొందాలా వద్దా అన్న పెద్ద తగవు తీర్చి, యెరూషలేము సంఘము అంతియొకయకు ఉత్తరము పంపింది. ఆ ఉత్తరము పట్టుకొని వెళ్లడానికి ఏర్పరచుకొన్న ఇద్దరిలో ఒకడు సీల, రెండవవాడు బర్సబ్బా అను యూదా. సిలువ జరిగి అప్పటికి సుమారు ఇరవై ఏండ్లు. ఇస్కరియోతును కళ్లార చూచినవారు, అతనితో కలసి భోజనము చేసినవారు ఆ సభలో ఉన్నారు. అయినా "పేరు మార్చుకొని వెళ్లు నాయనా" అని ఎవరూ అతనితో అన్నట్లు లేదు. పేరుకు కాదు, మనిషికి మర్యాద ఇచ్చారు.

అసలు ఆ కాలములో తల్లులు ఆ పేరును ఎంతో ప్రీతితో పెట్టుకొనేవారు. గోత్రపు పేరు ఒకటి, క్రీ.పూ. 164లో అపవిత్రమైన దేవాలయమును శుద్ధి చేయించిన యూదా మక్కబీ పేరు మరియొకటి. ఇస్కరియోతు తల్లి కూడ మంచి పేరనే పెట్టి ఉంటుంది.

మన అలవాట్లు కూడ కొంచెము చూచుకొందాము. గారడీ చేసి ప్రజలను భ్రమపరచి, దేవుని వరమును డబ్బుతో కొనబోయినవాడు సీమోను (అపొ. కార్య. 8), అయినా మనకు ప్రతి ఊళ్లోనూ సీమోనులు ఉన్నారు, ఎవరికీ అభ్యంతరము లేదు. సంసోను జీవితము చదివి ఆ పేరు పెడుతున్నామా, బలము మాత్రమే చూచి పెడుతున్నామా? దీనా అని ఎందరో ఆడపిల్లలకు పెట్టారు. ఆదికాండము 34లో ఆ అమ్మాయికి జరిగిన అన్యాయము పెట్టినవారికి గుర్తున్నదో లేదో. అననీయ అని అబద్ధమాడి పడిపోయినవాడు ఉన్నాడు, సౌలు మీద చేతులుంచి ప్రార్థించిన అననీయ ఉన్నాడు, పౌలును కొట్టించిన ప్రధానయాజకుడు అననీయ ఉన్నాడు. పౌలుగారి సంగతే తీసుకోండి. ఆయన బెన్యామీను గోత్రికుడు. తల్లిదండ్రులు ఆయనకు పెట్టిన సౌలు అన్న పేరు, దేవుడు తోసివేసిన ఆ గోత్రపు రాజు పేరే.

లోకములో కూడ ఇదే కథ. స్వీడను రాజు గుస్తావ్ అడాల్ఫ్ 1632లో లుట్జెన్ యుద్ధములో చనిపోయాడు. లూథరను సంఘములవారు ఎంతో గౌరవించిన పేరు అది. మూడు వందల ఏండ్ల తరువాత హిట్లరు వచ్చాడు. 1945 తరువాత జర్మనీలో అడాల్ఫ్ అని బిడ్డకు పేరు పెట్టేవారు దాదాపు లేకపోయారు. చట్టము వద్దనలేదు, ప్రజలే మానివేశారు. ఇక్కడ మన దేశములో, క్రైస్తవులు ఎక్కువగా ఉన్న మేఘాలయలో, అడాల్ఫ్ లూ హిట్లర్ మారక్ అను ఆయన ఆ పేరుతోనే శాసనసభకు గెలిచాడు. దూరమున ఉన్నవారికి పేరు బరువు తెలియదు. పొరుగు తమిళనాడులో కరుణానిధి గారికి 1953 మార్చి 1న కుమారుడు పుట్టాడు. 5వ తేదీన రష్యా నాయకుడు స్టాలిన్ చనిపోతే, ఆయన సంతాప సభలోనే బిడ్డకు ఆ పేరు పెట్టారు. పేరు మార్చితే చేర్చుకొంటామని ఒక బడివారు అన్నప్పుడు, బడినైనా మారుస్తాను గాని పేరు మార్చనని తండ్రి జవాబిచ్చారని ఆ కుమారుడే చెప్పారు. ఆయన 2021లో ముఖ్యమంత్రి అయ్యారు. అందరు పిల్లల వెనుక అటువంటి తండ్రి ఉండడు కదా! 2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్ రోజులలో, మన కడప జిల్లాలో ఒక ఆసుపత్రిలో పుట్టిన ఇద్దరు శిశువులకు కరోనా కుమార్, కరోనా కుమారి అని పెట్టినట్లు పత్రికలు వ్రాశాయి. ఆ తరువాత సంవత్సరము ఊరూరా ఎందరిని పాతిపెట్టామో మీకు తెలుసు. ఆ పిల్లలు బడిలో హాజరు పలికేటప్పుడు ఏమనిపిస్తుందో నేను ఊహించుకొంటూ ఉంటాను.

మన తాతల కాలములో చెడ్డ పేరు కావాలనే పెట్టేవారు. వరుసగా బిడ్డలు పోతే, తరువాత పుట్టినవానిని పెంటకుప్ప మీద దొర్లించి పెంటయ్య అనేవారు. ఎంగిలి విస్తరిలో పడుకోబెట్టి పుల్లయ్య అనేవారు. శ్రీకాకుళము వైపు గుప్పెడు తవుడుకు కొన్నట్లు చేసి తవిటయ్య అనేవారు. విలువలేని బిడ్డ అనుకొని మృత్యువు ముట్టకుండా పోతుందని వారి నమ్మకము. ఆ నమ్మకము మనకు లేదు. గాని ఆ తల్లుల కన్నీటిని చూచి నవ్వలేము. ఇప్పటికీ మనలో చాలామందికి ఇంట్లో ఒక పేరు, గుడి రిజిస్టరులో ఒక పేరు, బడి రిజిస్టరులో ఇంకొక పేరు. ఆ మూడవదానికి కారణము అందరికీ తెలిసినదే, ఇక్కడ వ్రాయను.

ఇక ఆ దంపతులతో నేను చెప్పినది వ్రాస్తాను. యూదా అను పేరులో శాపము లేదు. శాపమున్నదంటే మన ప్రభువు యూదా గోత్రములో పుట్టేవాడే కాడు. కాబట్టి నాయనమ్మ దానిని పాపమని అనకూడదు, బిడ్డ సంతోష దినమున ఇంట్లో కూర్చుంటాననడము అంతకన్నా తగదు. ఈ మాట ఆమె ఎదుటనే చెప్పాను. ఆమె ఏమీ అనలేదు.

కాని తల్లితో మరియొక మాట చెప్పాను. రాహేలు ప్రాణము పోయే వేళ తన బిడ్డకు బెనోని అని, అంటే నా దుఃఖపుత్రుడని, పేరు పెట్టింది. ఆమె బాధ నిజమే. అయితే యాకోబు వానిని బెన్యామీను అన్నాడు (ఆదికాండము 35:18). యాకోబు ఆమెను ఎంతగా ప్రేమించాడో మనకు తెలుసు, ఆమె కోసము పదునాలుగేళ్లు కొలువు చేసినవాడు. చనిపోయే భార్య కడసారి పలికిన పేరును మార్చడము తేలిక కాదు. అయినా తల్లి నొప్పిని కొడుకు బ్రతికినంత కాలము మోయకూడదని అనుకొన్నాడు కాబోలు. నొప్పి సంగతి అలా ఉంచితే, సంతోషము విషయములోనూ ఇదే అడగాలి. అమ్మా, నీ స్తుతి నీది. ఆ పేరును పిలిచేది నీవు, మోసేది వాడు. శుభ శుక్రవారము నాటకములో ఇస్కరియోతు వేషము వేసిన కుర్రవానిని నెల రోజులు ఊరంతా ఆ పేరుతోనే ఏడిపిస్తారే, నీ కొడుకుకు ఆ నాటకము ఏటేటా ఉంటుంది. దానికి వానిని సిద్ధపరచే ఓపిక, ప్రతిసారి లేయా కథ చెప్పే ఓపిక నీకున్నదా? ఉన్నదంటే పెట్టు, నేనే ప్రార్థన చేసి పేరు పలుకుతాను. లేదంటే అదే అర్థము తెలుగులో ఉన్నది, స్తుతి కుమార్ అను. లేదా ఇంటి పేరుకు, పిలిచే పేరుకు నడుమ యూదా అని ఉంచు, గుడి రిజిస్టరులో ఉంటుంది, దేవునికి తెలుస్తుంది, వాడు పెద్దవాడై తనకిష్టమైతే వాడుకొంటాడు.

నా మనస్సు ఏ వైపు మొగ్గుతున్నదని ఆమె అడిగితే, నడుమ ఉంచమన్న వైపే అన్నాను. ఇది వాక్యపు ఆజ్ఞ కాదు, ఒక కాపరి అభిప్రాయము మాత్రమే. ఇది వ్రాసే నాటికి వారు ఇంకా తేల్చుకోలేదు. బిడ్డను అందరూ "చిన్నోడా" అంటున్నారు. కంగారు లేదు.

కంగారు ఎందుకు లేదో కూడ చెప్పాలి, ఎందుకనగా చాలామందికి తెలియక ఆసుపత్రిలో తోచిన పేరు వ్రాయించి తరువాత తిరుగుతున్నారు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టము ప్రకారము, బిడ్డ పుట్టిన 21 రోజులలోగా పుట్టుకను నమోదు చేయించాలి. అప్పుడు పేరు లేకపోయినా నమోదు చేస్తారు. నమోదైన నాటి నుండి 12 నెలల లోపల పేరును రుసుము లేకుండా చేర్చుకోవచ్చును. ఆ తరువాత ఆలస్య రుసుము కట్టి 15 ఏండ్ల వరకు చేర్చుకోవచ్చును. గ్రామములలో పంచాయతీ కార్యదర్శి దగ్గర ఈ పని జరుగుతుంది. ఒకసారి వ్రాయించిన పేరును మార్చడము మాత్రము అంత సులువు కాదు. పైగా 2023 సవరణ తరువాత, ఆ సంవత్సరము అక్టోబరు 1 నుండి పుట్టినవారికి బడిలో చేరడానికైనా, పాస్‌పోర్టుకైనా, ఓటరు జాబితాకైనా పుట్టిన తేదీకి జనన ధ్రువపత్రమే ఆధారము. అందులో అక్షరము కూడ సరిగా చూచుకోండి. యోహాను అని ఒక కాగితములో, జాన్ అని మరియొకదానిలో ఉంటే ఇద్దరు మనుష్యులవుతారు.

సండేస్కూలు టీచర్లకు ఒక మనవి. శ్రమల కాలములో పాఠము చెప్పేటప్పుడు వట్టి యూదా అనకండి, యోహాను చూపిన జాగ్రత్త చూపి ఇస్కరియోతు యూదా అని పూర్తిగా చెప్పండి. ఆ ముందు వారమో తరువాత వారమో అంతియొకయకు ఉత్తరము మోసుకొని వెళ్లిన యూదాను గురించి కూడ ఒక పాఠము చెప్పండి. నాటకములో ఆ వేషము ఎవరికి ఇస్తున్నారో కూడ కొంచెము చూచుకొని ఇవ్వండి. ప్రతి యేడూ ఒకే పిల్లవానికి, నల్లగా ఉన్నాడనో, అల్లరివాడనో, తండ్రి లేనివాడనో అంటగట్టకండి.