చుక్కల మందు కన్నా ముందు రంగు పరీక్ష

మా అరకు వైపు ఇది చోళ్ళు నూర్చే కాలం, కాఫీ పండ్లు కోసే కాలం. ఏ ఇంట్లో చూసినా ఎవరో ఒకరి కంట్లో పొట్టు పడటమో, కొమ్మ గీరుకోవడమో ఉంటుంది. మనమేం చేస్తాం? ఆకు పసరు పిండుతాం, చనుబాలు వేస్తాం. లేదంటే మందుల షాపులో ఏదో చుక్కల మందు కొంటాం. నేననేది ఒక్కటే. మంచినీళ్ళతో కడగండి. అంతకుమించి, పరీక్ష చేయించకుండా కంట్లో ఏదీ వేయకండి.

ఆ పరీక్ష చాలా చిన్నది. ఫ్లోరెసిన్ అనే నారింజరంగు అద్దిన సన్నటి కాగితం ముక్కని తడిపి రెప్ప లోపల తాకిస్తారు. నీలం లైటు వేసి చూస్తారు. నల్లగుడ్డు మీద గీత పడిన చోట రంగు నిలిచి పచ్చగా మెరుస్తుంది. కాసేపటికి కన్నీళ్ళతో పోతుంది. ఈ రంగుని 1871లో అడాల్ఫ్ ఫాన్ బేయర్ అనే జర్మన్ శాస్త్రవేత్త తయారుచేశాడు. సీసాలో ద్రవంగా ఉంచితే క్రిములు చేరతాయని కాగితానికి అద్దడం మొదలుపెట్టారు.

గీత ఉందో లేదో ఎందుకు తెలియాలి? ఎరుపు చప్పున తగ్గించే స్టెరాయిడ్ చుక్కలు పుండున్న కంట్లో పడితే పుండు ముదురుతుంది. చివరికి పువ్వు వేసి చూపు పోతుంది.

నేపాల్‌లోని భక్తపూర్‌లో గ్రామ కార్యకర్తలే కంటి గీతల్ని గుర్తించి యాంటీబయాటిక్ ఆయింట్‌మెంట్ వేశారు. దెబ్బ తగిలిన 18 గంటల్లోపు మందు అందినవారిలో ఎవరికీ పుండు పడలేదు. అంటే ఇక్కడ మందెంత ముఖ్యమో, టైమూ అంతే ముఖ్యం.

అరకు నుంచి విశాఖ వంద కిలోమీటర్ల పైమాటే. కూలి మానుకుని, బస్సు ఛార్జీలు పెట్టుకుని వెళ్ళేసరికి ఆ 18 గంటలు ఎప్పుడో దాటిపోతాయి. అందులోనూ ఆడవాళ్ళ కన్ను ఎర్రబడితే పొయ్యి పొగలే అని తోసేస్తారు. అందుకే అల్లూరి సీతారామరాజు జిల్లాలో ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనూ ఈ కాగితాలు, ఒక నీలం టార్చి, వాడటం నేర్చిన మనిషి ఉండాలి. ఇది గొంతెమ్మ కోరికేం కాదు.

షుగరున్న పెద్దవాళ్ళకి కంటి వెనక పొరని చూడటానికి ఇదే రంగుని చేతి నరంలోకి ఎక్కిస్తారు. అప్పుడు ఒళ్ళు పచ్చబడుతుంది, మూత్రం పసుపుగా వస్తుంది. ఒకటి రెండు రోజుల్లో అదే తగ్గుతుంది, కామెర్లని కంగారుపడకండి. మందులేవైనా పడకపోతే మాత్రం సూది వేసే ముందే చెప్పాలి.

ఈసారి ఎవరైనా చుక్కల మందు రాసిస్తే మొహమాటపడకుండా అడగండి: "కంట్లో రంగు వేసి చూశారా అండీ?"