ఆటకు ముందే చావు

మార్క్ మిల్లర్ 1977లో వెలువరించిన సైన్స్ ఫిక్షన్ పాత్రధారణ ఆట ‘ట్రావెలర్’లో పాత్రను మన ఇష్టం వచ్చినట్లు మలచలేము. బలం, తెలివి వగైరా ఆరు గుణాలనూ పాచికలే తేలుస్తాయి. పిదప నాలుగేళ్ళ చొప్పున కొలువు, విడతవిడతకూ ప్రాణగండం. స్కౌటుగా చేరిన సామాన్యుడికి రెండు పాచికల మీద కనీసం 7 పడాలి. లేదా, ఆట మొదలుకాకముందే హరీ! 34వ ఏటి నుండి ముసలితనం సరేసరి.

ఇది వట్టి క్రూరత్వమని వెక్కిరించేవారున్నారు. నేనొప్పుకోను. పాయింట్లు పంచుకొని కండా, మేధా సమకూర్చుకున్న వీరుడికి గతమెక్కడిది? (అటువంటివారు మన సినిమాల్లో చాలరూ?) ఇంకొక్క విడత ఉంటే విద్య పెరుగుతుంది, ప్రాణమూ పోవచ్చు, ఆ తటపటాయింపే కదండీ పాత్ర! 1981 కూర్పులో చావుకు బదులు గాయంతో బయటపడే ఐచ్ఛిక నియమం చేర్చారు. నాకక్కరలేదు. నిన్న నా స్కౌటు మూడో విడతలో పోయాడు. మళ్ళీ పాచికలు తీశాను.