పాడని పక్షిని ఎంచుకున్నదెవరు?

"అంతా హార్మోన్ల మహిమ కదండీ" అనే మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఆమధ్య ఒక సాహిత్య సభలో స్త్రీల కవిత్వం గురించి మాట్లాడుతూ ఒక పెద్దాయన, ప్రకృతిలోనే పాడేది మగపక్షి, విని మెచ్చేది ఆడపక్షి అన్నారు. సభంతా నవ్వింది. వేదిక మీదున్న మేమిద్దరు స్త్రీలమూ నవ్వేశాం. ఆ నవ్వుకి సిగ్గుపడి ఇది రాస్తున్నాను.

ఆ మాట గాల్లోంచి ఊడిపడలేదు. పాట మగపక్షి ఆడదాన్ని ఆకర్షించడానికేనని 1871లోనే డార్విన్ గట్టిగా వాదించాడు. 1976లో నాట్టెబామ్, ఆర్నాల్డ్ అనే శాస్త్రవేత్తలు కెనరీ, జీబ్రా ఫించ్ పక్షుల మెదళ్ళు పరిశీలించి, పాటను నడిపే కేంద్రాలు మగవాటిలో చాలా పెద్దవని చూపించారు. అది నిజమే. జీబ్రా ఫించ్‌లో ఆడది పాడదు. మగపిల్ల తండ్రి పాట విని, గొణిగి, తప్పులు పాడి, మూడు నెలలకి ఒక పాటని స్థిరపరుచుకుంటుంది. కానీ వేల జాతులుండగా ఈ పక్షే ఎందుకు? పంజరంలో సులువుగా బతుకుతుంది, త్వరగా పిల్లల్ని చేస్తుంది. ప్రయోగశాల సౌకర్యం కాస్తా ప్రకృతి ధర్మమై కూర్చుంది.

2014లో కరన్ ఓడమ్, ఆమె సహచరులు 323 జాతుల సమాచారం పోగేసి చూస్తే 71 శాతం జాతుల్లో ఆడపక్షులూ పాడుతున్నాయి. పాటపక్షుల తొలి పూర్వికుల్లోనూ ఆడవి పాడేవని తేలింది. అంటే మౌనమే తర్వాత వచ్చింది. అది ఎక్కువగా కనిపించేది యూరప్, ఉత్తర అమెరికాల్లో. పక్షిశాస్త్రం రాసిన పెద్దమనుషుల పెరళ్ళూ అక్కడే. ఆడపక్షి పాట మీద వచ్చిన పరిశోధనా పత్రాల్లో 68 శాతానికి మొదటి రచయితలు స్త్రీలనీ, పక్షుల పాటపై మొత్తం పత్రాల్లో అది 44 శాతమేననీ 2020లో ఇంకో అధ్యయనం లెక్కకట్టింది. పాట ఎప్పుడూ ఉంది. వినే చెవులే ఆలస్యంగా వచ్చాయి.

(కోకిలని స్త్రీని చేసి పొగిడేదీ వీళ్ళే. కుహూ అనేది మగకోకిల. పైగా అది పాట నేర్చుకోదు, పుట్టుకతో తెచ్చుకుంటుంది. గాయనిని కోకిల అనడంలో ఆమె ఏళ్ళ సాధనని చల్లగా కొట్టెయ్యడం కూడా ఉందేమో!)

ఇక హార్మోన్లు. గుడ్డులోంచి వచ్చిన కొత్తల్లో ఆడ జీబ్రా ఫించ్‌కి ఈస్ట్రోజెన్ ఇస్తే దాని పాట కేంద్రాలు మగవాటిలా పెరుగుతాయని 1980లో గర్నీ, కొనిషి చూపారు. "ఆడ హార్మోన్" అని మనం పేరుపెట్టిందే మగ మెదడుని చేస్తోంది! పోనీ హార్మోనే సర్వమా అంటే అదీ కాదు. 2003లో కుడిసగం మగ, ఎడమసగం ఆడ అయిన ఒక ఫించ్‌ని ఆర్నాల్డ్ బృందం పరిశీలించింది. రెండు సగాల్లోనూ పారేది ఒకే రక్తం, అవే హార్మోన్లు. అయినా కుడివైపు పాట కేంద్రం పెద్దది. కణాల్లోని జన్యువులకీ పాత్ర ఉందన్నమాట. చిత్రమేమంటే, ఎడమవైపు కూడా మామూలు ఆడపక్షి మెదడుకన్నా కొంత మగవాటిలా ఉంది. జన్యువుదెంత, హార్మోనుదెంత అని గీత గియ్యబోతే ఆ పక్షి ఒప్పుకోలేదు.

నా అసలు పేచీ మన స్నేహితులతోనే. జీవశాస్త్రం పేరెత్తగానే "అది పితృస్వామ్య కుట్ర" అని పుస్తకం మూసేస్తున్నాం. మనం మూసిన పుస్తకాన్ని ఆ పెద్దాయన కూడా చదవలేదు. కాని ఆయన దాని పేరు చెప్పి గెలుస్తున్నారు. జెండర్ సామాజిక నిర్మాణం అన్న ఒక్క వాక్యంతో ఆయనకి జవాబు రాదు. ఆడ కెనరీకి టెస్టోస్టిరాన్ ఇస్తే పెద్దయ్యాక కూడా పాడుతుందనీ, ఆ శక్తి దానిలో ఉందనీ తెలిసుంటే ఆరోజు నేను నవ్వేదాన్ని కాదు.

అభిమన్యుడి కథ మనకి తెలుసు. చెప్పింది మగవాళ్ళు, విన్నది కడుపులో బిడ్డ, మధ్యలో సుభద్ర నిద్రపోయిందని నింద. ఆస్ట్రేలియాలో సూపర్బ్ ఫెయిరీరెన్ అనే చిన్నపిట్ట ఉంది. ఆ తల్లి పొదుగుతూ గుడ్లకి ఒక కూత వినిపిస్తుంది. పిల్లలు బయటికొచ్చాక తిండికోసం అదే స్వరంతో అరుస్తాయి. వేరే గూట్లో గుడ్లు పెట్టి చూస్తే పెంచిన తల్లి కూతే నేర్చాయని 2012లో తేల్చారు. ఈ కథలో చెప్పేదీ ఆమే, నిద్రపోనిదీ ఆమే.