ఫైనలియర్ ప్రాజెక్టు మన వీధి చెట్టు మీదే ఉంది

కోదాడ నుంచి మేళ్లచెరువు వైపు బస్సులో వెళ్తే రోడ్డు పక్క చెట్ల రంగు మారడం కిటికీలోంచే కనిపిస్తుంది. పచ్చదనం పోయి సిమెంట్ రంగు వస్తుంది. మిర్యాలగూడలో రైస్ మిల్లుల వైపు నడిచి ఆకు ముట్టుకుంటే ఊక బూడిద నల్లగా వేలికి అంటుతుంది. సూర్యాపేటలో హైవే పక్క వేపచెట్టుకూ దుమ్ము బాధే. రోజూ చూసేదే కాబట్టి ఎవరం పట్టించుకోం. కానీ మనం పీల్చే గాలి లెక్క కొంత ఆ ఆకు మీదే ఉంది. దాన్ని రాసిపెట్టే పని కాలేజీ విద్యార్థులు తీసుకోవాలన్నది నా వాదన.

ముందు నా సంగతి చెప్తా. ఇంజినీరింగ్ ఫైనలియర్‌లో మా బ్యాచ్ గాలి నాణ్యత కొలిచే సెన్సర్ ప్రాజెక్టు చేసింది. చేసింది అంటే, రెడీమేడ్‌గా కొన్నది. తర్వాత ఒక ఇంటర్వ్యూలో అడిగింది ఒకే ప్రశ్న: "ఈ రీడింగ్ కరెక్టని మీకెలా తెలుసు? దేనితో పోల్చి చూశారు?" నోరు పెగల్లేదు. ఆ ఉద్యోగం పోయింది, ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు.

మొక్కల్ని చూసి గాలిని అంచనా వేయడం కొత్తేం కాదు. పారిస్‌లోని ఒక పెద్ద తోటలో కనిపించే లైకెన్లు నగరంలో మిగతా చోట్ల ఎందుకు లేవన్న సంగతిని 1866లోనే నైలాండర్ అనే శాస్త్రవేత్త గాలికి ముడిపెట్టారు. 1983లో సింగ్, రావు అనే పరిశోధకులు ఆకులోని విటమిన్ సి, పత్రహరితం, నీటి శాతం, ఆకు రసం పీహెచ్ కలిపి ఏపీటీఐ అనే సూచిక ఇచ్చారు. విలువ ఎక్కువొస్తే ఆ మొక్క కాలుష్యాన్ని తట్టుకుంటుంది, గ్రీన్‌బెల్ట్‌కు పనికొస్తుంది. తక్కువొస్తే త్వరగా దెబ్బతింటుంది, హెచ్చరికగా పనికొస్తుంది.

అంత దూరం వెళ్లకుండా దుమ్ముతోనే మొదలుపెట్టొచ్చు. మిల్లు దగ్గర, హైవే పక్కన, ఊరికి దూరంగా పొలాల మధ్య... అన్ని చోట్లా ఒకే జాతి చెట్టు, వేపో కానుగో, ఎంచుకోండి. ఒకే ఎత్తులో ఆకుల్ని కడిగి, దారం కట్టి గుర్తు పెట్టండి. వారం తర్వాత కోసి, డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, ఆ నీటిని ముందే తూచిన ఫిల్టర్ పేపర్‌లో వడకట్టండి. ఆరబెట్టి మళ్లీ తూచండి. ఆకు వైశాల్యం గ్రాఫ్ పేపర్ మీద లెక్కేస్తే చదరపు సెంటీమీటరుకు ఎన్ని మిల్లీగ్రాముల దుమ్మో తేలుతుంది. ఆ నీటి పీహెచ్ కూడా చూడండి. సిమెంట్ దుమ్ముకు క్షార గుణం ఎక్కువ. ఇది ఒక ఆధారమే, తీర్పు కాదు. మధ్యలో వాన పడితే ఆ వారం లెక్క వదిలేయాలి.

దీని పరిమితులూ దాచొద్దు. దేశ ప్రమాణాల ప్రకారం పీఎం10 ధూళి 24 గంటల సగటున ఘనపు మీటరు గాలిలో 100 మైక్రోగ్రాములు దాటకూడదు. దాటిందో లేదో ఆకు చెప్పలేదు, మెషీనే చెప్పాలి. ఊపిరితిత్తుల లోతుకు పోయే సన్నటి ధూళి ఆకు మీద బరువులో పెద్దగా తేలదు. ఆకు పసుపైతే అది తెగులో, పోషకాల లోపమో కూడా కావచ్చు.

మరి ఎందుకు? 2019లో కేంద్రం మొదలుపెట్టిన స్వచ్ఛ గాలి కార్యక్రమం జాబితాలో నల్గొండ ఉంది, ఈ మూడు పట్టణాలు లేవు. మిల్లు పక్క వాడలో ఉండేవాళ్లు "దుమ్ము ఎక్కువైంది సార్" అంటే అది మాటగానే పోతుంది. ఆరు నెలలు వారం వారం కొలిచిన పట్టిక చేతిలో ఉంటే, "ఇక్కడ మెషీన్ పెట్టండి" అని గట్టిగా అడగొచ్చు. ఎక్కడ పెట్టాలో కూడా చెప్పొచ్చు.

ఈ ప్రాజెక్టు చేస్తే ఉద్యోగం గ్యారంటీ అని నేను చెప్పను. కానీ 2006 నోటిఫికేషన్ ప్రకారం సిమెంట్, థర్మల్ లాంటి పెద్ద ప్లాంట్లకు పర్యావరణ అనుమతి కావాలి. ఆ నివేదికలు తయారుచేసే గుర్తింపు పొందిన కన్సల్టెన్సీలకు గాలి, జీవావరణం తెలిసినవాళ్లు అవసరం. పరీక్షల ల్యాబులు, ఫ్యాక్టరీల ఎన్విరాన్‌మెంట్ విభాగాలు కూడా ఉన్నాయి. నమూనా ఎలా తీశారు, దేనితో పోల్చారు, ఎక్కడ పొరపాటు జరగొచ్చు... అక్కడ అడిగే ప్రశ్నలు ఇవే. సివిల్, కెమికల్, బోటనీ, డేటా సైన్స్, ఏ బ్రాంచి వాళ్లయినా నలుగురు కలిస్తే చాలు.

ప్రాజెక్టు టాపిక్ కోసం అమీర్‌పేట బస్సెక్కే ముందు ఒక్కసారి మీ వీధి చివర చెట్టు ఆకు తుడిచి చూడండి. వేలికి అంటినదాన్ని కొలవగలిగితే, నేను జవాబు చెప్పలేకపోయిన ప్రశ్నకు మీ దగ్గర జవాబుంటుంది.