సంతోషముపై సుంకము

ప్రజల యాకలిని సొమ్ము చేసికొను వర్తకుని లోకము నిందించును. ప్రజల వేడుకను సొమ్ము చేసికొను వర్తకుని మాత్రము మెచ్చుకొనును. వేడుక నమ్ముట తప్పని మేమనము. నాటకములాడువారును, గారడివారును, తిరునాళ్లలో రంగులరాట్నము త్రిప్పువారును వెల పుచ్చుకొనియే వినోదము కూర్చుచున్నారు. ఇచ్చిన కాసునకు తగిన వేడుక దొరకినంత కాలము అందులో అధర్మమేమియు లేదు. కాని అమ్మువాడే వేడుకను తరిగి, తరిగిన తునకను వేరొక వెలకు మరల అమ్మజూపినపుడు దానికి వర్తకమను పేరు చెల్లదు. దారికడ్డముగా గొలుసు కట్టి పైకము వసూలుచేయు సుంకపు చావడికిని దానికిని భేదము లేదు. అమెరికాలో డిస్నీ కంపెనీవారి వినోదవనములు నేడు అట్టి సుంకపు చావళ్లుగా మారినవని మా యభిప్రాయము.

ఎక్కడి ఫ్లోరిడా, ఎక్కడి తెనుగుదేశము అని చదువరులు అడుగవచ్చును. నేడు మన తెనుగుబిడ్డలు వేలు లక్షలుగా ఆ దేశమున కాపురములుండుచున్నారు. బడులకు సెలవులిచ్చిన తోడనే పిల్లలను డిస్నీవారి వనమునకు గొనిపోవుట వారిలో అనేకుల సంసారములలో నొక విధియైనది. బిడ్డలను చూడ వెళ్లిన అమ్మమ్మలును తాతయ్యలును గూడ ఆ గుంపులలో గలరు. టిక్కెట్టు వెలను మనసులోనే రూపాయలుగా మార్చుకొని, నోరు మెదపక, నీళ్లసీసా చేతబట్టుకొని నడుచు ఆ పెద్దలకు మేము వ్రాయబోవు సంగతి క్రొత్తగా తోపదు.

మొదట ఈ వనములు ఏ యుద్దేశముతో వెలసినవో చెప్పవలసియున్నది. వాల్ట్ డిస్నీ తన యిద్దరు కుమార్తెలను లాస్ ఏంజెలెస్ నగరములోని గ్రిఫిత్ పార్కునకు గొనిపోయి, వారు రంగులరాట్నమెక్కి తిరుగుచుండగా తాను బల్లపై ఊరక కూర్చుండెడివాడట. పిల్లలాడుచుండ పెద్దలు వేచియుండుట యేల? ఇరువురును కలిసి ఆడుకొను చోటొకటి యుండరాదా? ఈ ప్రశ్నకు జవాబుగా 1955 జూలై 17వ తేదీన కాలిఫోర్నియాలోని అనహైములో డిస్నీలాండు తెరవబడెను. ప్రవేశరుసుము పెద్దలకు ఒక డాలరు, పిల్లలకు అరడాలరు. లోపలి యాటలకు వేరుగా కొన్ని సెంట్లు. ఆనాటి డాలరు నేటి ధరలలో సుమారు పండ్రెండు డాలర్లకు సమానము. వచ్చినవారందరికిని స్వాగతమని ప్రారంభదినముననే డిస్నీ ప్రకటించెను. ఆట టిక్కెట్టు చేతనున్నవారికి వరుస ఒక్కటే. ముందు వచ్చినవాడు ముందు, వెనుక వచ్చినవాడు వెనుక. ఆ వనము పేరుప్రతిష్ఠలకు కోటయు బొమ్మలును కొంత కారణమే కావచ్చును. సామాన్యగృహస్థు దానిని తనదిగా భావించుటకు మాత్రము ఈ ఒక్కవరుసయే ముఖ్యకారణము.

ఇక వెలల నడక చూడుడు. 1971 అక్టోబరు 1వ తేదీన ఫ్లోరిడాలో వాల్ట్ డిస్నీ వరల్డు తెరచినపుడు పెద్దలకు ప్రవేశము మూడున్నర డాలర్లు. అక్కడి మాజిక్ కింగ్‌డమ్ అను వనమున ఒక్కదినపు టిక్కెట్టు 2015లో నూరు డాలర్లు దాటెను. 2016 నుండి రద్దీనిబట్టి దినమునకొక ధర కట్టుట ఆరంభమాయెను. 2024 అక్టోబరులో డిస్నీలాండునందు మిక్కిలి రద్దీగల దినముల టిక్కెట్టు 206 డాలర్లకు పెంచబడెను. అక్కడ పదేండ్లు నిండిన పిల్లలకు పెద్దల వెలయే. అట్టి బిడ్డలిద్దరు గల దంపతులు అట్టి దినమున ద్వారము దాటుటకు 824 డాలర్లు సమర్పించుకొనవలసివచ్చెను. బస, భోజనము, ప్రయాణము, బండి నిలుపు రుసుము, పిల్లలు మారాముచేసి కొనిపించుకొను ఎలుకచెవుల టోపీ, వీనిలో ఏదియు ఆ లెక్కలో చేరలేదు.

డాలరు విలువ తగ్గినది, కూలి పెరిగినది, వెల పెరుగుట సహజమే గదా అందురేమో. ఆ లెక్కయు చూతము. 1971లో ఆ దేశపు కేంద్రప్రభుత్వము నిర్ణయించిన కనిష్ఠవేతనము గంటకు 1.60 డాలర్లు. ప్రవేశమునకు రెండుగంటలకు కొంచెము పైగా పని చాలెను. ఆటల టిక్కెట్లు కలుపుకొన్నను అరపూట కష్టముతో సరిపోయెను. ఆ కేంద్రవేతనము 2009 నుండి 7.25 డాలర్లకడనే నిలిచియున్నది. దానిపై బ్రతుకువాడు 206 డాలర్లు కూర్చుటకు ఇరువదియెనిమిది గంటలకు పైగా, అనగా మూడున్నర దినములు పాటుపడవలెను. కాలిఫోర్నియాలో వేతనము హెచ్చు. 2024లో అక్కడ గంటకు 16 డాలర్లు. ఆ లెక్కనైనను పండ్రెండు గంటలు దాటును.

అయినను మా ముఖ్యమైన ఫిర్యాదు వెలనుగూర్చి కాదు. వెల హెచ్చయినను వేడుక హెచ్చినచో గృహస్థు ఏడాదికొకమారు ఓర్చుకొనును. ఇచ్చట వెల పెరిగిన కొలదిని వేడుక తరుగుచున్నది. ఈ రెండును వేర్వేరు సంగతులు కావు. వెల పెరిగిన తీరులోనే వేడుక తరుగుటకు కారణము గలదు.

వరుసలలో నిలుచు బాధ తగ్గించుటకు 1999లో కంపెనీవారు ఫాస్ట్‌పాస్ అను ఏర్పాటు చేసిరి. ఒక చీటి తీసికొని, అందు చెప్పిన వేళకు వచ్చినచో తొందరగా ఆట దొరకును. చీటికి వెల లేదు. 2021లో దానిని ఎత్తివేసి, లైట్నింగ్ లేన్ అను పేరుతో అడ్డదారిని అమ్మకమునకు పెట్టిరి. ఆ అక్టోబరులో ఫ్లోరిడాయందు దీని ఆరంభపు ధర మనిషికి దినమునకు 15 డాలర్లు. మూడేండ్లకే 2024 అక్టోబరులో ఇంకొక మెట్టు కట్టిరి. ప్రీమియర్ పాస్ అను ఈ క్రొత్త చీటికి వనమునుబట్టి, దినమునుబట్టి, మనిషికి 129 మొదలు 449 డాలర్ల వరకు వెల నిర్ణయించిరి. ఇది ప్రవేశపు టిక్కెట్టుకు పైని రుసుమని చదువరులు మరువరాదు.

ఇందలి కిటుకు గ్రహింపుడు. ఒక ఆటలో గంటకు ఎందరు కూర్చుండగలరో అది యంత్రము నిర్ణయించిన సంఖ్య. పైకము పుచ్చుకొని ఒకనిని ముందుకు పంపినచో యంత్రమున క్రొత్తపీట మొలవదు. వెనుకనున్నవాడు ఆ మేరకు ఇంకను వెనుకకు పోవును. కావున కంపెనీవారు అమ్మునది తమ సొత్తు కాదు. ముందే టిక్కెట్టు కొని ఎండలో నిలిచియున్న మరియొక గృహస్థుని కాలమును వారు అమ్ముచున్నారు. ఆ గృహస్థు విసిగి, మరునాడు తానును అడ్డదారి కొనును. అప్పుడు వానివెనుక మరియొకడు. అందరును కొన్ననాడు అడ్డదారియే రాజమార్గమై, దానిలోను వరుస పెరుగును. అంతట మరియొక మెట్టు, మరియొక చీటి. కంపెనీవారు బుద్ధిపూర్వకముగా వరుసలను పొడిగించుచున్నారని మేము ఆరోపింపము. ఆరోపింపవలసిన అవసరమును లేదు. వరుస పొట్టియైన నష్టమును, పొడుగైన లాభమును కలుగునట్లు తమ వ్యాపారమును మార్చుకొన్నవారు వరుసను పొట్టి చేయుదురని ఎవరు నమ్ముదురు? రోగమును మందును ఒకే అంగడిలో నున్నపుడు రోగి ఎన్నడును కోలుకొనడు.

పోయిన చిన్నసౌకర్యములనుగూర్చి వేరుగా వ్రాయనక్కరలేదు. విమానాశ్రయమునుండి తమ బసలకు 2005 నుండి ఉచితముగా నడపిన బస్సులు 2021తో ఆగినవి. బసచేయువారికి ఊరక ఇచ్చుచుండిన చేతిపట్టీలు ఆ యేటి జనవరినుండి ఊరక ఇచ్చుట మానిరి. కుటుంబము అనుభవించు అలసట అంతకంటె పెద్దది. అడ్డదారి చీటీలను తమ బసలలో దిగువారు ఏడుదినముల ముందు, తక్కినవారు మూడుదినముల ముందు, ఉదయమేడుగంటలకు ఫోనుపట్టుకొని కొనవలెను. తీరినవేళకు సంపాదించుకొన్న సెలవు గుమాస్తాపనిగా మారినది. పిల్లలతో ఆడుకొనవలసిన తండ్రి తలవంచి ఫోనులో గడియలు లెక్కించుచున్నాడు. తల్లి ఏ ఆటకు ఎప్పుడు పరుగెత్తవలెనో పిల్లలకు ఆజ్ఞలిచ్చుచున్నది. గ్రిఫిత్ పార్కులో బల్లపై ఊరక కూర్చుండిన డిస్నీ వీరికంటె సుఖి. ఆతనికి కనీసము కూతుళ్లను కన్నార చూచుకొనుటకు తీరిక యుండెను.

ఈ యాత్రకై అప్పు చేయువారును కలరు. 2024లో లెండింగ్‌ట్రీ అను సంస్థవారు జరిపిన విచారణలో, డిస్నీవనములకు పోయిన చిన్నపిల్లల తలిదండ్రులలో నూటికి నలువదియైదుగురు ఆ ప్రయాణమునకు అప్పుచేసితిమని చెప్పిరి. పెండ్లికి అప్పుచేయుట, చదువునకు అప్పుచేయుట మనమెరుగుదుము. ఎలుకబొమ్మతో ఛాయాచిత్రమునకు అప్పుచేయు కాలమును గూడ చూచుచున్నాము.

కంపెనీ పక్షమువారు చెప్పు సమాధానములు మేము వినకపోలేదు. జనము విరగబడుచున్నారు, వెల పెంచనిచో ఇంకను విరగబడుదురు అనునది మొదటిది. డిస్నీలాండున కనిష్ఠపు టిక్కెట్టు 2019 నుండి 104 డాలర్లకడనే యున్నదనునది రెండవది. ఇది నిజమే. కాని ఆ వెల దొరకునది రద్దీలేని కొలది దినములలో, అనగా సామాన్యముగా పిల్లలు బడిలోనుండు దినములలో. బడిపిల్లల వనమునకు బడి ఎగగొట్టినవారికే చౌకటిక్కెట్టు! జనమును తగ్గించుటయే వెల పెంచుటకు కారణమైనచో, పెరిగిన వెలతో వరుసలు తగ్గి అడ్డదారి చీటి అనవసరము కావలెను గదా. వెలయు పెరిగెను, చీటియు నిలిచెను. 2024 ఆర్థికసంవత్సరమున ఈ వనములు, ఓడలు మొదలగు వానితో కూడిన శాఖకు వచ్చిన నిర్వహణలాభము 900 కోట్ల డాలర్లకు మించినది. ఈ లెక్క చూచినచో వెల పెంచుట ప్రాణావసరమని తోపదు.

మూడవ సమాధానము గట్టిది. ఇది అన్నము కాదు, మందు కాదు. ఇష్టములేనివాడు పోనక్కరలేదు అందురు. కేవలము సొంతసొమ్ముతో సొంతనేలపై కట్టుకొన్న భోగమందిరమైనచో మేమును అట్లే అని యూరకుందుము. కాని ఫ్లోరిడా శాసనసభవారు 1967లో రీడీ క్రీక్ అను పేర ప్రత్యేకమండలమును కల్పించి, రోడ్లు, కట్టడములు, మురుగుకాలువలు, అగ్నిమాపకదళము మున్నగువానిపై ప్రభుత్వపు అధికారములను ఆచరణలో కంపెనీచేతికే ఒప్పగించిరి. 2023 వరకు ఆ ఏర్పాటు సాగినది. కుంపిణీ ప్రభుత్వమనిన ఏమో తెనుగువారికి వేరుగా చెప్పవలెనా? ప్రజలచేత ప్రభుత్వాధికారము పొందినవాడు ప్రజలకు కొంత జవాబుదారియై యుండవలెను. సుంకరి యెదుట సుఖదుఃఖములు చెప్పుకొన్నట్లు ఈ మాట కంపెనీవారి చెవికెక్కకపోవచ్చును. ప్రజలు మరువకున్న చాలును.

వేరుదారి లేదా అనిన, కలదు. పెన్సిల్వేనియాలోని నోబెల్స్ వనము 1926 నుండి ఒక కుటుంబముచేత నడపబడుచున్నది. ప్రవేశమునకు రుసుము లేదు, బండి నిలుపుటకు రుసుము లేదు. ఎక్కిన ఆటకే వెల. ఏ ఆటయు ఎక్కలేని తాతయ్య కాసైన చెల్లింపక బల్లపై కూర్చుండి మనుమలను చూచుకొనవచ్చును. ఇండియానాలో 1946లో వెలసిన హాలిడే వరల్డునందు చల్లని పానీయములు 2000 నుండి ఉచితము. వీరును వర్తకులే, ధర్మసత్రములు నడపుటలేదు. లాభమును మర్యాదయు ఒకే కప్పుక్రింద కాపురముండగలవని వీరు చూపుచున్నారు.

ఈ తెగులు సముద్రమునకు ఆవలనే యున్నదని మనము నిశ్చింతగా నుండరాదు. 2016లో హైదరాబాదు పొలిమేరలో తెరచిన వండర్లాలో హెచ్చు వెలకు తొందరదారి టిక్కెట్టు అమ్ముచున్నారు. తిరుమలలో ఉచితమైన సర్వదర్శనము నేటికిని కలదు. దాని ప్రక్కనే 300 రూపాయల ప్రత్యేక ప్రవేశమును కలదు. వరుస చీలుటకు మన కన్నులు ఎంత అలవాటుపడినవో చెప్పుటకే దీనిని ఎత్తితిమి. ఆసుపత్రిలో, కచేరిలో, బడిలో వరుసను కాపాడుకొనగోరువారు ఆటస్థలమున అది అమ్ముడుపోవుచుండ నవ్వి ఊరకుండరాదు. తన వంతునకై ఓపికతో నిలుచుట ఎదుటివానిని తనతో సమానునిగా ఎంచుట. ఈ పాఠమును బిడ్డ మొదట నేర్చునది పుస్తకములో కాదు, రంగులరాట్నము కడ. డబ్బుగలవాని బిడ్డ ప్రక్కదారిని పోవుచుండ, తన తండ్రి చేయిపట్టుకొని ఎండలో నిలిచిన పసివాడు నేర్చుకొను పాఠమేమి?

ప్రజలకు శక్తి లేదను నిరాశకు తావు లేదు. 2018లో కంపెనీవారు తమ బసలలో దిగినవారి బండ్లకు రాత్రి రుసుము విధించిరి. ప్రజలలో అసంతృప్తి ముదిరెను. అధిపతిగా బాబ్ ఐగర్ మరల వచ్చిన పిదప 2023 జనవరిలో దానిని ఎత్తివేసిరి. కట్టిన గొలుసు విప్పించుట సాధ్యమే. అమెరికాలోని మన సోదరులకు మేము చెప్పునది ఇంతే. పోదలచినచో పొండు, అప్పుచేసి పోకుడు. అడ్డదారి చీటి కొనకుడు. దాని కొనుగోలు తగ్గిననాడే దాని అమ్మకము ఆగును. పోకున్నచో పిల్లలకు ద్రోహము చేసితిమని కుందవలదు. స్మోకీ పర్వతముల జాతీయవనమునకు ప్రవేశరుసుము లేదు; బండి నిలుపుకొన్నచో దానికి మాత్రము స్వల్పరుసుము. అచ్చటి సెలయేళ్లలో కాళ్లుపెట్టుకొని కూర్చుండుటకు ఏ చీటియు అక్కరలేదు. బిడ్డలు పెద్దవారైన పిదప తలచుకొనునది తలిదండ్రులు తీరికగా తమతో గడిపిన దినమును. దానిని అమ్ము అంగడి ఇంకను తెరవబడలేదు. తెరవనీయకుండుట మన చేతిలోని పని.