ఆఫర్ లెటర్‌లో తేదీ చూశావా?

నాంపల్లి స్టేషన్‌లో దిగి, అబిడ్స్ మీదుగా గన్‌ఫౌండ్రీ దాకా ఒకసారి నడిచి చూడండి. అరగంట కూడా పట్టదు. 1907లో కట్టిన ఆ స్టేషన్ ఒకప్పుడు ప్రైవేటు కంపెనీ రైల్వేది. 1930లో నిజాం ప్రభుత్వం ఆ కంపెనీని కొనేసింది, స్వాతంత్ర్యం తర్వాత అది భారతీయ రైల్వేలో కలిసింది. అవతలి కొసన, గన్‌ఫౌండ్రీలో స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ ప్రధాన కార్యాలయం ఉండేది. 2017 ఏప్రిల్ 1న అది ఎస్‌బీఐలో కలిసిపోయింది. మనలో చాలామందికి ఎస్‌బీహెచ్ అంటే అమ్మానాన్నల పాత పాస్‌బుక్కే. స్కాలర్‌షిప్ ఫారంలో ఎస్‌బీహెచ్‌వై అని మొదలయ్యే కోడ్ కాస్తా ఎస్‌బీఐఎన్ అయింది. మనకు మారింది అంతే.

మరి కౌంటర్ లోపల కూర్చున్నవాళ్ళకు ఏం మారింది? క్యాంపస్ ప్లేస్‌మెంట్స్‌కి రెడీ అవుతున్న మనం అడగాల్సిన ప్రశ్న ఇదే అనిపిస్తుంది. ఎందుకంటే ఏ కంపెనీలో చేరినా, రిటైరయ్యే దాకా దాని పేరు అదే ఉంటుందన్న గ్యారంటీ లేదు.

ఎస్‌బీహెచ్ చిన్న సంస్థేం కాదు. 1941లో హైదరాబాద్ స్టేట్ బ్యాంక్‌గా పుట్టింది, నిజాం రాజ్యపు సొంత కరెన్సీ ఉస్మానియా సిక్కా వ్యవహారాలు చూసింది, 1956లో పేరు మార్చుకుంది, 1959లో ఎస్‌బీఐకి అనుబంధ బ్యాంకు అయింది. విలీనాన్ని ఉద్యోగ సంఘాలు గట్టిగా వ్యతిరేకించాయి, సమ్మెలు చేశాయి. విలీనం ఆగలేదు. కానీ ప్రభుత్వ ఉత్తర్వులో ఒక మాట రాసి ఉంది: ఉద్యోగులంతా ఎస్‌బీఐ ఉద్యోగులవుతారు, మొత్తమ్మీద జీతభత్యాలు మునుపటికంటే తగ్గకూడదు. సీనియర్లలో కొందరు వీఆర్ఎస్ తీసుకుని వెళ్ళిపోయారు. ఉన్నవాళ్ళకు కొత్త రూల్స్, కొత్త బాసులు, ట్రాన్స్‌ఫర్ భయం తప్పలేదు. కానీ సర్వీసు మాత్రం పోలేదు.

ఇంకో కేసు మన బ్రాంచ్ వాళ్ళందరికీ తెలిసిందే, సత్యం. 2009 జనవరిలో కుంభకోణం బయటపడింది, ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా బిడ్ గెలిచింది. అక్కడ కొన్నది వాటాలను. అంటే కంపెనీ అదే, యజమాని మారాడు. కాబట్టి సర్వీసు లెక్క తెగలేదు. అయినా ప్రాజెక్టు లేని వేలమందిని ‘వర్చువల్ పూల్’ పేరుతో తగ్గించిన జీతం మీద ఇంట్లో కూర్చోబెట్టారు. సర్వీసు మిగిలినంత మాత్రాన పని మిగలదని వాళ్ళకు అప్పుడు తెలిసొచ్చింది.

మూడోది మా ఇంట్లోదే. మా బాబాయ్ అబిడ్స్‌లో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పనిచేసేవాడు. బయటి ఊరి కంపెనీ ఒకటి వచ్చి ఆ వ్యాపారాన్ని కొన్నది. కేక్ కట్ చేశారు, కొత్త బ్యాగులు ఇచ్చారు. దాంతోపాటు రెండు కాగితాలు కూడా ఇచ్చారు: ఒకటి పాత కంపెనీకి రాజీనామా, రెండోది కొత్త అపాయింట్‌మెంట్ లెటర్. అప్పటికి ఆయన సర్వీసు నాలుగేళ్ళ మూడు నెలలు. అదే కుర్చీ, అదే సిస్టమ్, సంతకం పెట్టేశాడు. రెండేళ్ళకు ఉద్యోగం పోయింది. గ్రాట్యుటీ అడిగితే, ఐదేళ్ళు నిండలేదు కదా అన్నారు. కొత్త లెటర్‌లో చేరిన తేదీ కొత్తదే. “ఆరేళ్ళు ఒకే కుర్చీలో కూర్చున్నా గదరా, కాగితం మీద మాత్రం రెండేళ్ళోణ్ణి” అంటాడు ఇప్పటికీ.

చట్టం లేదా అంటే ఉంది. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో 25ఎఫ్‌ఎఫ్ అనే సెక్షన్ ఉండేది. సంస్థ చేతులు మారితే, పాత సర్వీసు కొనసాగించి, షరతులు తగ్గించకుండా ఉంచాలి, లేదంటే పరిహారం ఇవ్వాలి అనేది. 2020 కోడ్‌లోనూ ఈ రక్షణ ఉంది. అయితే అది చట్టం ‘వర్కర్’ అని ఒప్పుకున్నవాళ్ళకే. సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ అందులోకి వస్తాడా రాడా అన్నది కోర్టు దాకా వెళ్ళి వాదించుకోవాల్సిన సంగతి. రాజీనామా మీద తనే సంతకం పెట్టినవాడికి ఆ వాదన ఇంకా కష్టం.

విలీనాలన్నీ చెడ్డవని నేననను. పెద్ద సంస్థలో ఎదిగే దారులు ఎక్కువ, మునిగిపోయే కంపెనీని ఎవరో ఒకరు కొంటేనే జీతాలొస్తాయి. నా అభ్యంతరం ఒక్కటే. టేకోవర్ అనగానే మనం షేర్ ధర, ప్యాకేజీ, బ్రాండ్ గురించి మాట్లాడుకుంటాం. బ్యాంకువాళ్ళకు సర్వీసు మిగిలింది కొత్త యాజమాన్యం దయ వల్ల కాదు, ఉత్తర్వులో రాసి ఉండటం వల్ల, రాయించేలా అడిగే సంఘాలు ఉండటం వల్ల. మా బాబాయ్ వైపు అడిగే మనిషే లేడు.

అందుకని సీనియర్లూ, జూనియర్లూ, రేపు మీ కంపెనీని ఎవరైనా కొంటే సంతకానికి ముందు మూడు ప్రశ్నలు వేయండి. కొన్నది వాటాలనా, వ్యాపారాన్నా? నన్ను రాజీనామా చేయమంటున్నారా? కొత్త లెటర్‌లో నేను చేరిన తేదీ ఏది? జవాబు మెయిల్‌లో తీసుకోండి, నోటిమాట వద్దు. పక్క సీటు అతన్నీ అడగమనండి. ఒక్కడే అడిగితే హెచ్‌ఆర్ నవ్వి పంపించేస్తుంది, నలభై మంది అడిగితే లెటర్ మార్చక తప్పదు.